బొంత చాటు

బొంతలామె పోయిందని నాకు నల్గొండ బస్టాండులో తెలిసింది. హాలియా బస్సు కోసం నిలబడి ఉంటే, ఒకప్పుడు నేను పనిచేసిన ఊరి మనిషొకాయన గుర్తుపట్టి నమస్కారం పెట్టాడు. వానల సంగతి, పిల్లల పెళ్ళిళ్ళ సంగతి అయ్యాయి. పోబోతూ పోబోతూ, "బొంతలామె పోయింది టీచర్, ఎరికేనా? వారమైతాంది" అన్నాడు. ఆ మాట అనేసి ఆయన తన బస్సెక్కి వెళ్ళిపోయాడు. నా బస్సు కూడా వచ్చింది. నేను ఎక్కలేదు.

నాకు నోరెక్కువని పేరు. స్టాఫ్ రూములో నా ముందు తప్పు మాట్లాడి తప్పించుకున్నవాళ్ళు లేరు. ఇరవై నాలుగేళ్ళ వయసులో, ఆ నోరు పనికి రావలసిన ఒక్క చోట మాత్రం అది చేయకూడని పని చేసింది. పన్నెండేళ్ళుగా ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పుకునేంత గొప్పగా లేదు మరి.

ఆమెకు పేరు ఉండే ఉంటుంది. రేషన్ కార్డులో అయినా రాసే ఉంటారు. నేను అడగలేదు. ఊరంతా బొంతలామె అంటే నేనూ అలాగే అన్నాను. కేతేపల్లికి ఇవతల రోడ్డు దిగి కిలోమీటరు నడిస్తే వచ్చే ఊరు అది. వాళ్ళు దూదేకుల వాళ్ళు. భర్త పత్తి ఏకే విల్లు భుజాన వేసుకుని ఊళ్ళ మీద పోయేవాడు. ఆమె ఇల్లిల్లూ తిరిగి పాత చీరలు పోగుచేసి, పొరలు పొరలుగా పరిచి, బొంతలు కుట్టేది. ఒక్కో బొంతలో ఊళ్ళోని సగం మంది ఆడవాళ్ళ చీరలుండేవి. ఇది ఫలానావాళ్ళ పెండ్లి చీర, ఇది ఫలానా ముసలమ్మ కట్టి కట్టి చింపింది అని వేలు పెట్టి చూపించేది.

మనిషి సన్నగా, పొడుగ్గా ఉండేది. రవిక భుజం మీద దారం ఎక్కించిన సూది ఒకటి ఎప్పుడూ గుచ్చి ఉండేది. ఎదుటివాళ్ళ బట్టల మీద ఊడిన పోగు కనిపిస్తే ఆమె ఊరుకునేది కాదు. అది సర్పంచి కండువా అయినా సరే. నన్ను మొదటిసారి చూసినప్పుడే, పలకరింపైనా కాకముందే, "జర ఉండు టీచరమ్మా" అని నా చీర అంచు పట్టుకుని వంగి, వేలాడుతున్న పోగును పళ్ళతో కొరికి తెంపేసింది. కొత్త ఉద్యోగం, కొత్త చీర, చుట్టూ పిల్లలు. నాకు తల కొట్టేసినట్టయింది. పైగా "ఉండు" అంది, "ఉండండి" కాదు. నల్గొండ టౌనులో పెరిగిన దాన్ని కదా, ఆ మాటను మనసులో పెట్టుకున్నాను. ఇప్పుడు తలచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

బడి గురించి చెప్పాలి. రెండు గదులు, ఒక వసారా, ఏడో తరగతి దాకా చదువు. మగపిల్లలు ఇంటర్వెల్ గంట కొట్టగానే రోడ్డవతల మొండిగోడ దగ్గరికి ఉరికేవాళ్ళు. ఆడపిల్లలకు జాగా లేదు. బడి వెనక సర్కారు తుమ్మలు ఉండేవి కానీ అవి పలచన, ఇటు నుంచి చూస్తే అటు రోడ్డు కనిపించేది. ఒకసారి ఒక పిల్ల అటు పోతే మగపిల్లలు కేకలు పెట్టారు. ఆ పిల్ల మూడు రోజులు బడికి రాలేదు. పెద్దసారు నన్ను పిలిచి, ఆడపిల్లల సంగతి మీరు చూసుకోండి, మీరూ ఆడవారే కదా అన్నారు.

నేను చూసుకున్న తీరు ఇది. ఆడపిల్లలందరినీ ఒక మూల కూచోబెట్టి, పొద్దున లేచిన దగ్గర్నుంచి బడి వదిలేదాకా నీళ్ళు తాగకండి, అప్పుడు ఏ ఇబ్బందీ ఉండదు అని చెప్పాను. నేనే ఆ పని చేస్తున్నాను. నల్గొండలో ఏడు గంటల బస్సు ఎక్కేముందు చాయ్ కూడా మానేసేదాన్ని. సాయంత్రం ఇల్లు చేరాకే చెంబు ఎత్తేదాన్ని. అదొక ఘనకార్యం అనుకున్నాను. "నేను ఉండట్లేదా? ఆడపిల్లకు ఆ మాత్రం ఓర్పు లేకపోతే ఎట్లా?" అని పిల్లల ముందు గొప్పగా చెప్పాను. పాపం, నేను చెప్పిన లెక్కలు వాళ్ళు చేశారో లేదో కానీ ఈ మాట మాత్రం తు.చ. తప్పకుండా పాటించారు. మధ్యాహ్నానికి మొహాలు వాడిపోయేవి. తలనొప్పి టీచర్ అని ఒకరి తర్వాత ఒకరు బల్ల మీద తల వాల్చేవాళ్ళు. నిద్రమొహాలని తిట్టేదాన్ని.

వాళ్ళలో బొంతలామె కూతురు సైదాబీ ఒకతి. ఏడో తరగతి. లెక్కల్లో నా కంటే ముందే జవాబు చెప్పేది. పెద్ద పరీక్ష ఇంకో ఆరు నెలలుంది, తప్పకుండా పాసయి హైస్కూలుకు పోతుందని నాకే కాదు, పెద్దసారుకూ నమ్మకం ఉండేది. ఇంటిల్లిపాదిలో అక్షరం ముక్క వచ్చింది ఆ పిల్లకే. ఒకరోజు బడికి రాలేదు. మర్నాడూ రాలేదు. నాలుగో రోజు వాళ్ళమ్మ వచ్చింది.

నేను పాఠం చెప్తున్నాను. ఆమె గుమ్మంలో నిలబడింది. భుజం మీద సూది అలాగే ఉంది. ఏ ఉపోద్ఘాతమూ లేకుండా అడిగింది.

"టీచరమ్మా, మా పిల్లకు నీళ్ళు తాగొద్దని నువ్వు జెప్పినవా?"

అందరికీ చెప్పానన్నాను. మధ్యలో లేచి పోకుండా ఉంటారని చెప్పానన్నాను. ఓర్పు గురించి నా పాత పాఠం కూడా ఒకసారి చదివాను.

ఆమె చివరిదాకా విన్నది. "పిల్లకు ఒంటికి పోతె మంట. జరమొచ్చింది. దవాఖాన్ల డాక్టరమ్మ నన్ను నిలవెట్టి అడిగింది, పిల్లకు నీళ్ళు పోస్తలేవా అని. నీళ్ళు పొయ్యని తల్లుంటదా టీచరమ్మా? ఆకలైతె జర సేపు ఆపుకుంటం. దూపైతె గూడ ఆపుకుంటం. ఒంటికొస్తె గంట గొట్టెదాంక ఆగుతదా?"

పిల్లలంతా నన్నే చూస్తున్నారు. నాకు చిరాకేసింది. మరి నన్నేం చేయమంటావు, జాగా ఎక్కడుందో చూపించు అన్నాను.

అప్పుడామె గొంతు తగ్గించింది. "మరి నువ్వు యాడికి పోతవ్?"

"నాకు అవసరం రాదు" అన్నాను.

ఆమె నా వైపు చూసిన చూపులో కోపం లేదు. అదే నన్ను ఎక్కువ గుచ్చింది. "అవసరం రాని ఒళ్ళు నేనైతె సూడలే" అని మెల్లగా అని, వెళ్ళిపోయింది.

మర్నాడు ఇంటర్వెల్ గంటకు ఐదు నిమిషాల ముందు బొంత నెత్తిన పెట్టుకుని మళ్ళీ వచ్చింది. కుట్టు సగమే అయిన పెద్ద బొంత. చీర అయితే గాలికి లేస్తుంది, ఎండకు అవతలి మనిషి కనిపిస్తుంది. బొంతకు ఆ బాధ లేదు. దాని రెండు కొసలు తుమ్మకొమ్మలకు కట్టి, మిగిలిన పక్కను రెండు చేతులతో పట్టుకుని నిలబడతానంది. ఆడపిల్లలను పంపమంది. కట్టనా అని నన్ను అడిగింది, అది గుర్తుపెట్టుకోవాలి. "మీరు ఊ అంటెనే" అంది. ఆ రోజు "మీరు" అంది. నేను ఊ అన్నాను.

ఆ రోజు నుంచి రోజూ వచ్చేది. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి. బొంత పట్టుకుని, వీపు పిల్లల వైపు పెట్టి, మొహం రోడ్డు వైపు పెట్టి నిలబడేది. ఊరికే నిలబడితే పిల్లలు సిగ్గుపడతారని గట్టిగా ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండేది. నిన్న కూరలో ఉప్పెక్కువైన సంగతి, మేక ఈనిన సంగతి, మొగుడితో లొల్లి, ఏదైనా సరే. రోడ్డున పోయేవాడెవడైనా ఇటు తల తిప్పితే, "ఏందయ్యా, బొంత కావాల్నా?" అని అడిగేది. వాడు తల దించుకుని పోయేవాడు. లోపల పిల్లలు నవ్వేవాళ్ళు. ముళ్ళు గీరుకుని ఆమె మోచేతుల మీద చారలు పడేవి. ఎన్నడూ వాటి మాట ఎత్తలేదు. రెండు వారాలకే తరగతిలో తలనొప్పులు తగ్గాయి. సైదాబీ మళ్ళీ నాకంటే ముందు జవాబు చెప్పడం మొదలుపెట్టింది.

ఇక నా సంగతి. ఒకరోజు పొద్దున బస్సులోనే పొత్తికడుపులో నొప్పి మొదలైంది. బడికి వచ్చేసరికి నిలబడలేకపోయాను. పాఠం చెప్తూ బల్ల అంచు పట్టుకున్నాను. మంట. ఏమిటో నాకు తెలుసు, నెలల తరబడి నేను కొనితెచ్చుకున్నదే. ఇంటర్వెల్ అయి పిల్లలంతా లోపలికి వచ్చేశారు. బొంతలామె బొంత విప్పుకుని పోవాలి. పోలేదు. కిటికీలోంచి నన్ను చూసిందేమో, గుమ్మం దాకా వచ్చి "రా" అంది. అంతే. నేను తల వంచుకుని ఆమె వెనక నడిచాను.

ఆమె ఎప్పటిలాగే రోడ్డు వైపు తిరిగి నిలబడింది. పిల్లలప్పుడు మాట్లాడినట్టే గట్టిగా మాట్లాడింది. ఆ రోజు చింతపండు గురించి. నేను బొంత చాటున కూచుని ఏడ్చాను. ఆమెకు వినపడే ఉంటుంది, ఎందుకంటే గొంతు ఇంకా పెంచింది.

ఆ తర్వాత రోజూ పిల్లలు లోపలికి వచ్చాక నేను వెళ్ళేదాన్ని. దాదాపు రెండు నెలలు. ఎవరికీ తెలియదు. ఆమె ఎవరికీ చెప్పలేదు, ఆఖరికి కూతురికి కూడా. ఒక సీసాలో నీళ్ళు తెచ్చి నా బల్ల కింద పెట్టి పోయేది. నేను తాగేదాన్ని. ఆ రెండు నెలలు ఆ ఊళ్ళో నాకంటూ ఒక మనిషి ఉందనిపించింది. ఆమెతో ఆ మాట అనలేదు.

ఒకరోజు జీపులో పై అధికారి ఒకాయన వచ్చారు. చెప్పి రాలేదు. సరిగ్గా ఇంటర్వెల్ వేళ. బడి వెనక తుమ్మలకు కట్టిన బొంత చూసి, అదేమిటని పెద్దసారును అడిగారు. పెద్దసారు ఏం చెప్పారో నాకు తెలియదు. అధికారి నవ్వారట. అది పెద్దసారుకు తగలరాని చోట తగిలింది. జీపు పోయాక బొంతలామెను వసారాలోకి పిలిచారు. నన్నూ పిలిచారు. గదుల్లోంచి పిల్లలు చూస్తున్నారు. సైదాబీ వసారా స్తంభం దగ్గరే నిలబడి ఉంది.

ఎవరిని అడిగి కట్టావని ఆయన గద్దించారు. బొంతలామె బెదరలేదు. "ఆడపిల్లలకు జాగ లేదు సారు. జర జాగ సూపియ్యిండ్రి, తడకలు నేనే అల్లి తెస్త. బొంతతోటి నాకేం పని?" అంది. పెద్దసారు వినే స్థితిలో లేరు. ఇవాళ తడకలంటారు, రేపు గోడలంటారు, ఇన్నేళ్ళ నుంచి ఈ ఊళ్ళో ఆడపిల్లలు చదువుకోలేదా, నీ కూతురికే వచ్చిందా ఒంటికి అని అరిచారు. నిజానికి ఆయన చెడ్డవాడు కాదు. బడికి సున్నం వేయించడానికే మూడేళ్ళు అర్జీలు పెట్టిన మనిషి. ఆ రోజు ఆయనకు పరువు పోయింది, దాన్ని ఎవరి మీదో ఒకరి మీద దించాలి.

ఆయన నా వైపు తిరిగారు. "మీరు పర్మిషన్ ఇచ్చారా?"

నల్గొండకు బదిలీ కోసం నేను పెట్టిన దరఖాస్తు ఆయన టేబుల్ సొరుగులో ఉంది. ఆయన సంతకం పడాలి. ఇది సాకు అని నాకు తెలుసు. సాకు అయినా ఆ క్షణం నా బుర్రలో ఉన్నది అదొక్కటే.

"నేను వద్దనే చెప్పాను సార్. ఆమే వినలేదు" అన్నాను.

ఎంత తేలిగ్గా వచ్చింది ఆ మాట! నాకు తెలియదు సార్ అని ఊరుకున్నా సగం పాపంతో పోయేది. అడగకుండానే ఇంకో మాట కలిపాను.

బొంతలామె నన్ను చూసింది. ఒక్క మాట అంటే చాలు, నేను అక్కడికక్కడే చచ్చిపోయేదాన్ని. రెండు నెలల నుంచి నువ్వెక్కడికి పోతున్నావని అడిగితే చాలు. ఆమె మొహం పెద్దసారు వైపు తిప్పుకుంది.

"అవ్ సారు. టీచరమ్మ వద్దనే అన్నది. నేనే ఇనలే" అంది.

ఆమెను ఇక బడి ఆవరణలో అడుగు పెట్టొద్దన్నారు. ఆమె తుమ్మల దగ్గరికి పోయి ముడులు విప్పుకుని, బొంత మడిచి నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయింది. నా బల్ల కింద నీళ్ళ సీసా సగం మిగిలి ఉంది. దాన్ని ముట్టుకోవడానికి చేయి రాలేదు.

సైదాబీ మరో మూడు వారాలు బడికి వచ్చింది. నీళ్ళు మానేసి వచ్చింది. మళ్ళీ జ్వరం, మళ్ళీ దవాఖాన. ఆ తర్వాత రాలేదు. వాళ్ళింటికి వెళ్ళి అడగలేదు. ఇంకొకరెవరైనా మానేస్తే వెళ్ళేదాన్నే, అది నా డ్యూటీ. హాజరు పట్టీలో ఆ పిల్ల పేరు మీద ఎర్రసిరా గీత కొట్టింది నేనే. ఎండాకాలం సెలవుల్లో నా బదిలీ కాగితం వచ్చింది.

నల్గొండలో నేను చేరిన బడిలో టీచర్లకు ఒక మరుగుదొడ్డి ఉండేది. దానికి తాళం. పిల్లలు పాడుచేస్తారని తాళంచెవి మా దగ్గరే. ఆ తాళం ఆడపిల్లలకు కూడా తీయాలని నాకు తోచడానికి ఏడాది పట్టింది. బొంతలామెను ఎరిగి ఉండి కూడా ఏడాది పట్టింది. ఇలాంటి మనిషిని నేను.

ఆ తర్వాత ఆమె నాకు ఒకే ఒక్కసారి కనిపించింది. నల్గొండలో, కూరగాయల మార్కెట్లో. నేను చూసి పక్క సందులోకి తప్పుకోబోయాను. ఆమె అప్పటికే దగ్గరికి వచ్చేసింది. బదిలీ అయిందట గదా, మంచిగైంది అంది. దెప్పుడు కాదు, నిజంగానే అంది. సైదాబీ ఎలా ఉందని అడిగాను. పెండ్లి చేసినమంది. నా పైట మీద పోగు తెంపింది. ఇప్పుడన్నా చెప్పు, ఇప్పుడన్నా చెప్పు అని లోపల కొట్టుకుంటూనే ఉంది నాకు. నేను టమాటాలు ఎంతకిచ్చారని అడిగాను. ఆమె పోబోతూ ఆగి, "ఇప్పుడు నీళ్ళు తాగుతున్నవా టీచరమ్మా?" అంది. తాగుతున్నానన్నాను. "తాగాలె" అని వెళ్ళిపోయింది.

బస్టాండులో ఆ కబురు విన్న మూడో రోజు నేను ఆ ఊరికి వెళ్ళాను. రోడ్డు దిగి, ఆ కిలోమీటరూ నడిచాను. బొంతలామె భర్త ఇంటి ముందు అరుగు మీద కూచుని ఉన్నాడు. ముసలివాడైపోయాడు, నన్ను పోల్చుకోలేదు. సైదాబీ పోల్చుకుంది. ఒళ్ళో రెండేళ్ళ పిల్ల. మనిషి అచ్చం తల్లి లాగే పొడుగు. చాప వేసి కూచోమంది. తల్లి జబ్బు సంగతి, దవాఖానలో ఉన్న పది రోజుల సంగతి చెప్పింది. చెప్తూ చెప్తూ తనే ఆ మాట ఎత్తింది.

"గప్పుడు మీరు వద్దన్నరు గద టీచర్. నేను వసారల నిలవడి ఇన్న. మా అమ్మ ఎవ్వల మాట ఇనకపోయేది. ఆమె మొండితనానికే నా సదువు పోయింది."

నేను చెప్పాను. అంతా చెప్పాను. మీ అమ్మ నన్ను అడిగే కట్టిందని, నేను ఊ అన్నానని, రెండు నెలలు నేనూ ఆ బొంత చాటుకే వెళ్ళానని, పెద్దసారు ముందు అబద్ధమాడింది నేనని, మీ అమ్మ దాన్ని తన నెత్తిన వేసుకుందని. చెప్తే బరువు దిగుతుందంటారు. దిగలేదు. చెప్తున్నకొద్దీ సైదాబీ మొహం మారుతుంటే, నేను ఇంకో బరువు తెచ్చి ఆమె మీద వేస్తున్నానని అర్థమైంది. అయినా ఆగలేదు.

సైదాబీ ఒళ్ళోని పిల్ల జుట్టు సవరించింది.

"నాకెన్నడు జెప్పలే" అంది. "ఇంట్ల ఏ లొల్లయినా నేను గిదే మాట తీసెటిదాన్ని. టీచర్ వద్దన్నా ఇనకపోతివి, నా సదువు పోగొడితివి అని. ఒక్కనాడు మల్ల మాట అనలే. మొన్న దవాఖాన్ల గూడ అన్న టీచర్. పోయె రెండు రోజుల ముందట."

సారీ అని ఇంగ్లీషులో అనబోయి ఆగిపోయాను. తెలుగులో ఆ మాట ఎలా అనాలో అప్పుడు నాకు తోచలేదు.

"గప్పుడు నీకు ఎన్నేండ్లు?" అని అడిగింది.

"ఇరవై నాలుగు."

"నాకిప్పుడు గంతనే" అంది సైదాబీ. "గంత తెల్వని వయసేం గాదు టీచర్."

కేక వేయలేదు, తిట్టలేదు. పిల్లను భుజాన వేసుకుని లోపలికి వెళ్ళింది. తిరిగి వస్తుందేమోనని నేను కాసేపు చాప మీదే కూచున్నాను. రాలేదు. లేచి, చెప్పులు వేసుకుని, రోడ్డు వైపు నడిచాను.